పొగమూత

మా కరగైలీలో కోత మిల్లు పక్కనున్న ఆఖరి ఇంటి ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. మిల్లు మూతబడి ముప్పై ఏళ్లయింది. రంపాలు తుప్పు పట్టాయి, కప్పు కూలింది. ఆ ఇంటికి పట్టిన పేరు మాత్రం చెక్కు చెదరలేదు.

అక్కడ అల్బస్తి ఉంటుందంటారు. పసుపు జుట్టు ఆడది. నిద్రపోయేవాళ్ల గుండెల మీద కూర్చుని ఊపిరి తాగేస్తుందట. తాగుబోతులు కూడా ఆ మలుపు రాగానే పాట ఆపేసి, అల్లాను తలుచుకుంటూ వాగు వైపు నుంచి చుట్టుతిరిగి పోతారు.

ఆ ఇంట్లో నేను పడుకున్నాను. మూడేళ్ల పిల్లని. నాకేమీ గుర్తులేదు. చెప్పింది మా అమ్మ నూరీలా — తన ఆఖరి రంజాన్ నెలలో, ఒకరోజు ఉపవాసం విడిచాక, టీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని.

"చెప్పకుండా పోతే అక్కడ అడుగుతారు నన్ను" అంది. అందుకని ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. నా వైపు నుంచి ఒక్క మాట ఎక్కువైతే దేవుడు మన్నించాలి.

అమ్మది మైదానం. కనుచూపు మేర ఒక్క చెట్టు కూడా లేని చోట పుట్టింది. పుట్టింట్లో పిడకల పొయ్యి. పిడక నెమ్మదైంది, బూడిద కప్పితే తెల్లారేదాకా కునుకు తీస్తుంది. మా నాన్న ముకాష్‌ని చేసుకుని ఈ అడవి ఊరికి వచ్చాక ఆమె మొదట భయపడింది మంటకే. ఇక్కడ అందరి పొయ్యిల్లోనూ బెరడు బద్దలే — దుంగను పలకలుగా కోసే ముందు నాలుగు పక్కలా తీసేసే బద్దలు. ఒకవైపు బెరడు, ఒకవైపు తెల్లచెక్క. పలకలు పట్నానికి పోతాయి, బద్దలు మాకు మిగులుతాయి. వాటితోనే వంట, వాటితోనే వెచ్చదనం. ఎండినవి చిటపటలాడతాయి, జిగురు కక్కుతాయి. పచ్చివైతే ఏడుస్తాయి.

వాటితో కాపురం చెయ్యడం నేర్పింది మా పెద్దమ్మ కుల్పాష్. నాన్నకి వదిన, అమ్మకి తోటికోడలు.

"బెరడు పైకి పెట్టి పేర్చవే చెల్లీ! తాగొచ్చి బోర్లా పడ్డ మొగుడిలా ఉండాలి ఒక్కొక్కటీ. అప్పుడే వీపు మీంచి మంచు జారిపోతుంది."

అమ్మ సిగ్గుతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. పెద్దమ్మ ఇంకా పెద్దగా నవ్వేది. కాని పొగమూత దగ్గరికి వచ్చేసరికి నవ్వేది కాదు. గోడలో పొగగొట్టానికి అడ్డంగా తోసే ఇనప రేకు అది. మంట అయిపోయాక తోసేస్తే వేడి ఇంట్లోనే నిలుస్తుంది.

"ఇటు చూడు నూరీలా. బొగ్గుల మీద నీలి మంట ఆడుతున్నంతసేపూ దీని జోలికి పోకు. వేడి పోతోందని ఆశపడి మూశావో... ఇంటిల్లిపాదీ నిద్రలోనే పోతారు. బెరడు బొగ్గు నంగనాచి. చచ్చినట్టే ఉంటుంది, చావదు."

నేను పుట్టేటప్పుడు అమ్మ మూడు రాత్రులు నొప్పులు పడింది. అల్బస్తి రాకుండా తలాపున గొడ్డలి పెట్టి, ఆ మూడు రాత్రులూ కన్ను మూయకుండా కూర్చున్నది పెద్దమ్మే. "మా అమ్మ నన్ను ఒకసారి కన్నది, కుల్పాషక్క రెండోసారి కన్నది" అనేది అమ్మ.

నాకు మూడేళ్లు నిండిన శరదృతువులో దుంగ దొర్లి నాన్న పోయాడు.

మిల్లు పెద్ద మంచివాడు. మిల్లు పక్క ఇల్లు అమ్మకిచ్చాడు. కోతగాళ్లకి టీ కాచాలి, పొట్టు ఊడ్వాలి. బదులుగా ఇల్లు, ఇంత జీతం, వారానికో స్లెడ్జి బండెడు బద్దలు. ఉమ్మి నేల మీద పడేలోగా గడ్డకట్టే చలికాలాల్లో అంతకన్నా ఆస్తి లేదు. ఆ ఇంటి కోసం అంతకుముందే పెదనాన్న అర్జీ పెట్టుకుని ఉన్నాడు — కొడుకు సగిన్ పెళ్లి దగ్గరికొచ్చింది, ఒక్క గదిలో ఏడుగురు ఉంటున్నారు. ఇల్లు అమ్మకి ఇచ్చారని తెలిసి ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పెద్దమ్మ మాత్రం చీపురు పట్టుకుని వచ్చి నేల కడిగి, కిటికీ సందుల్లో దూది కూరి వెళ్లింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ఇక్కడ ఇదివరకటి కాపలావాడు నిద్రలోనే పోయాడటగా... జాగ్రత్తే చెల్లీ."

మొదటి నెల ఏమీ కాలేదు.

ఆ తర్వాత ఒక రాత్రి... అమ్మకి మెలకువ వచ్చింది. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. తల పగిలిపోతోంది. లేవబోతే కాళ్లు తనవి కావు. పక్కలో నేను — పెదాలు నల్లగా. ఏడవడం లేదు.

నన్ను ఒక చేత్తో ఈడ్చుకుంటూ, మోచేతుల మీద పాకుతూ తలుపు దాకా వెళ్లింది. తలుపు తోసింది. ఇద్దరం మంచులో పడ్డాం. చాలాసేపటికి నేను దగ్గాను. ఆ దగ్గు విని అమ్మ మంచులోనే నుదురు ఆనించి సజ్దా చేసింది.

లోపలికి వచ్చి చూస్తే పొగమూత వేసి ఉంది.

'నేనే వేశానేమో... నిద్రమత్తులో, పుట్టింట్లో పిడకల పొయ్యి మూసిన అలవాటుగా' అనుకుంది.

మర్నాడు పడుకునే ముందు పొగమూత నాలుగు వేళ్ల మేర బయటికి లాగింది. తాకి చూసుకుంది. పడుకుని మళ్లీ లేచి తాకి చూసుకుంది. తలాపున గొడ్డలి పెట్టుకుంది. కాని తలుపుకు గడియ వెయ్యలేదు — మా ఊళ్లో ఎవరూ వెయ్యరు. మంచు తుఫానులో దారి తప్పినవాడెవరైనా గుమ్మం ముందు చచ్చిపోతే ఆ పాపం ఇంటివాళ్లది.

ఏ జాముకో చల్లగాలి ముఖానికి తగిలింది. కళ్లు తెరిచింది.

గదిలో ఒక ఆడది నిలబడి ఉంది.

పొయ్యి తలుపు సందులోంచి వచ్చే కాస్త వెలుగులో, తల చుట్టూ ఏదో పసుపుగా మెరుస్తోంది. ముఖం లేదు... ఉన్నా కనబడలేదు. అది కదలలేదు. అమ్మ ఊపిరి బిగబట్టింది. రక్షణ కోసం దువా చదవాలనుకుంది, మొదటి మాటే గుర్తు రాలేదు.

అది నెమ్మదిగా చెయ్యెత్తింది. గోడ వైపు.

కిర్ర్... మని చిన్న చప్పుడు.

తర్వాత ఏమీ లేదు.

అమ్మ నన్ను చంకనేసుకుని లేచి చూసింది. నాలుగు వేళ్లు లాగిన పొగమూత మూసి ఉంది. లాగి, తలుపు బార్లా తెరిచి, తెల్లారేదాకా ఆ చలిలో నన్ను గొర్రెతోలులో చుట్టుకుని కూర్చుంది. తెల్లవారాక వాకిట్లో చూస్తే అడుగులు లేవు. అది రోజంతా బళ్లు తొక్కిన బాట. రాయిలాంటి మంచు మీద ఎవరి గుర్తూ నిలవదు.

పరుగున వెళ్లి పెద్దమ్మ భుజం మీద పడి ఏడ్చింది.

"అల్బస్తే" అంది పెద్దమ్మ, గుసగుసగా. "ముమ్మాటికీ అదే. ఆ ఇల్లు నీకొద్దే నూరీలా. పిల్లని తీసుకుని అత్తయ్య దగ్గరికి వచ్చెయ్. ప్రాణం కన్నా గోడలెక్కువా?"

వెన్ను నిమిరింది. కళ్లు తుడిచింది. అమ్మ దాదాపు ఒప్పుకుంది కూడా.

కాని ఆ పూట మిల్లులో టీ పోస్తూ, గిన్నె నిండి నేల మీదికి కారుతున్నా చూసుకోలేదు. రంపాలకి పదును పెట్టే యెఫీమ్ తాత చూశాడు. రష్యన్ ముసలాయన, నోరు దురుసు, మనసు మెత్తన. ఏమిటని అడిగితే అమ్మ చెప్పేసింది.

"అల్బస్తా?" ఆయన గడ్డం గోక్కున్నాడు. "నలభై ఏళ్లుగా ఈ అడవిలో ఉన్నానమ్మాయ్. పొగమూత వేసే దెయ్యాన్ని ఎక్కడా చూళ్లేదు. ఇంత పొదుపరి దెయ్యం దొరికితే నేనే పెళ్లి చేసుకుందును."

"నవ్వకు తాతా..."

"నవ్వడం లేదు." గొంతు తగ్గించాడు. "దెయ్యానికి వేడితో ఏం పని? ఆ పొగమూత పిడికి బద్ద జిగురు పుయ్యి, మసి కలిపి. దెయ్యమైతే దానికి అంటదు. మనిషికి అంటిందంటే వారం రోజులు వదలదు."

ఆ సాయంత్రం అమ్మ పచ్చి బద్ద మీది జిగురు గోకి, వేడిచేసి, మసి కలిపి పొగమూత పిడికి పూసింది. మంట ముందే ఆర్పేసింది. ఒక్క నిప్పు కూడా మిగల్చకుండా బొగ్గులన్నీ మంచులో పారబోసింది. ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, నన్ను పొట్టకి అదుముకుని పడుకుంది.

తలుపు తెరుచుకుంది.

అమ్మ కళ్లు తెరవలేదు. "ఎందుకు తెరవలేదమ్మా?" అని అడిగాను నేను. అమ్మ టీ గిన్నె కింద పెట్టింది.

"తెరిస్తే ముఖం కనబడుతుందని" అంది.

అడుగుల చప్పుడు లేదు. చలి మాత్రం దగ్గరికి వచ్చింది. కిర్ర్... మంది. ఆ వెంటనే ఎవరో ఊపిరి ఒక్కసారి ఆపి — మళ్లీ పీల్చారు. తలుపు మూసుకుంది.

దెయ్యాలకి ఊపిరి ఉండదని అమ్మకి తెలుసు.

తెల్లవారితే శుక్రవారం. మా నానమ్మ ఇంట్లో నాన్న పేరు మీద ఏడు రొట్టెలు నూనెలో వేయించారు. ఆ వాసన పోయినవాళ్లకి చేరుతుందని మా నమ్మకం. బంధువులంతా చాప చుట్టూ కూర్చున్నారు. నానమ్మే ఖురాన్ చదివింది. ముగించి "ఆమీన్" అంది. అందరూ అరచేతులు విప్పి ముఖం ముందుకి ఎత్తారు.

ఒక్కరు ఎత్తలేదు.

"కోడలా," అంది నానమ్మ, "చేతులు చొక్కాలో దాచుకున్నావేం? పోయినవాడు నీకు మరిది కాడా?"

పెద్దమ్మ నవ్వబోయింది. "చేతులు పగిలాయి అత్తయ్యా... చలికి."

"పగిలిన చేతుల్ని దేవుడు వద్దంటాడా? విప్పు."

విప్పింది.

ఎడమ చెయ్యి మామూలుగానే ఉంది. కుడి అరచెయ్యి కందిపోయి ఉంది — వెన్నతో, ఇసకతో, దేనితోనో తెల్లవార్లూ తోమినట్టు. కాని గీతలు... కాటుక పెట్టి దిద్దినట్టు నల్లగా ఉన్నాయి. ప్రతి గీతా.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అమ్మకి అర్థమైంది. అరవలేదు, తిట్టలేదు. చాప అవతలి నుంచి మెల్లగా అడిగింది:

"అక్కా... పిల్ల కూడా అదే గదిలో పడుకుంటుందని తెలుసుగా నీకు?"

పెద్దమ్మ ఆ చేతిని మళ్లీ చొక్కాలోకి లాక్కుంది.

"సగమే వేశానే" అంది. "ఒట్టు నూరీలా... ప్రతిసారీ సగమే వేశాను. భయపడి ఇల్లు వదిలేస్తావనుకున్నాను. అంతే."

పొగమూత ప్రతిసారీ పూర్తిగా వేసి ఉందని అమ్మకి తెలుసు. తాకి చూసిన చెయ్యి అది.

పెదనాన్న తల దించుకున్నాడు. అప్పుడే తెలిసినవాడిలా లేడు.

నానమ్మ లేచి తలుపు మూసింది. ఒక రొట్టె తీసి ముక్కలు చేసి, ఒక్కొక్కరి చేతిలో పెట్టింది. అమ్మ చేతిలో కూడా.

"పదిహేను రోజుల్లో సగిన్ పెళ్లి" అంది. "ఈ మాట గడప దాటితే పిల్లనివ్వరు. ఆ ఇంట్లో ఉన్నది అల్బస్తి. విన్నారా? అల్బస్తి. తినండి."

రొట్టె మీద ఒట్టంటే మాకు ఇక తిరుగు లేదు. అందరూ తిన్నారు.

అమ్మ కూడా తింది. మొగుడు లేడు, పుట్టిల్లు మూడు రోజుల దారి, ఒళ్లో నేను. ఇక ఎక్కడికి పోతుంది?

నానమ్మే స్వయంగా మిల్లు పెద్ద దగ్గరికి వెళ్లి, దెయ్యం తిరిగే ఇంట్లో పసిపిల్లని ఉంచలేమని చెప్పి తాళం చెవి అప్పగించి వచ్చింది. మమ్మల్ని తన గదిలో ఒక తెర వెనక పెట్టుకుంది. నెల తిరక్కముందే ఆ ఇంట్లో సగిన్ కొత్త కాపురం పెట్టాడు. "మా కోడలు ధైర్యస్తురాలు, దెయ్యాలకి జడవదు" అని పెద్దమ్మ ఊరంతా చెప్పుకుంది. వారం వారం బద్దల బండి వాళ్ల గుమ్మంలో ఆగేది. మిల్లు మూతబడేదాకా పాతికేళ్లు ఉన్నారక్కడ. ఒక్కనాడూ ఎవరికీ తలనొప్పైనా రాలేదు.

మేం ఆ ఇల్లు వదిలిన రోజు సంగతి అమ్మ ఆఖరున చెప్పింది.

పరుపులూ గిన్నెలూ స్లెడ్జి మీద వేసుకుని మిల్లు ముందు నుంచి వస్తుంటే యెఫీమ్ తాత రంపం కింద పెట్టి పరుగున వచ్చాడట. చుట్టూ చూసి, చెవి దగ్గరగా వంగి అడిగాడట:

"ఏమైందమ్మాయ్? అంటిందా?"

అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఊరు మొత్తంలో నిజం విందామని అడిగినవాడు ఆయనొక్కడే.

"లేదు తాతా" అంది. "పిడి మీద జిగురు రాసినట్టే ఉంది... పొగమూత మాత్రం వేసి ఉంది."

ఆయన ముఖం పాలిపోయింది. టోపీ తీసి, మూడుసార్లు శిలువ గుర్తు వేసుకున్నాడు.

మర్నాటి నుంచి ఆయన కూడా వాగు వైపు నుంచి చుట్టుతిరిగి పనికి రావడం మొదలుపెట్టాడు.