ఉప్పు చూసే మనిషి

కళ్ళద్దాల షాపు కుర్రాడు దొంగచాటుగా మాంసం తింటున్నాడని పక్కింటి పిన్ని వీధంతా చెప్పుకొచ్చిందట. చివరికి ఎదురింటి దర్జీ అమ్మాయి మిషను దగ్గరా చతికిలబడింది.

"ఆ ముసలి తండ్రి పోయి నెల కాలేదు, ఇంట్లో రోజూ ఎముకల సూపు ఉడుకుతోందమ్మా! మరి తాగేదెవరు? పైకేమో పాలు కూడా ముట్టనంటాడు!"

అమ్మాయి నవ్వలేదు. కుట్టు పక్కకి పోయింది.

ఆ కుర్రాడు వీగన్. మాంసం, గుడ్డే కాదు, పాలూ పెరుగూ కూడా మానేశాడు. ఇంట్లోవాళ్ళేమో ముక్క లేనిదే ముద్ద దిగనివాళ్ళు. అక్క అత్తారింటికి వెళ్తూ వెళ్తూ "నీకు గడ్డిమోపు పంపిస్తాలే" అని ఏడిపించి మరీ వెళ్ళింది. తండ్రి మంచాన పడ్డాక వంట అతని మీద పడింది. ముసలాయనకు సూపు తప్ప ఏదీ గొంతు దిగదు. కుర్రాడు ముక్కుకు గుడ్డ కట్టుకుని కాచేవాడు గానీ, ఉప్పు చూడలేడు. ఒకరోజు సముద్రం, మరుసటిరోజు చప్పిడి.

చివరికి గిన్నె పట్టుకుని ఎదురింటి మెట్లెక్కాడు.

"కాస్త ఉప్పు చూసి పెడతారా?"

మెడలో టేపు వేలాడుతున్న అమ్మాయి అతణ్ణి పైనుంచి కిందికి కొలిచింది. "మీ ఇంట్లో నాలుకల్లేవా?"

"ఉంది. దీనికి పనికిరాదు."

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం తనే వచ్చేది.

"వీగన్ గారూ, వాసనకే చిక్కిపోతున్నారు."

"మీరు ఉప్పు చూస్తానని సగం తాగేస్తున్నారు, దర్జీ గారూ."

మంచం మీంచి ముసలాయన గొణిగేవాడు. "ఒరేయ్, నీ చెయ్యీ ఆ పిల్ల నాలుకా కలిస్తేగానీ ఒక వంట కావట్లేదు. అడిగేదేదో నేనుండగానే అడుగు."

రేపు అడుగుదామనుకున్నాడు. ముసలాయన ఒక వాన రోజున, సగం తాగిన గిన్నె పక్కనే పెట్టుకుని, నిద్రలో వెళ్ళిపోయాడు.

సూపు లేదు కాబట్టి ఉప్పు చూసే పనీ లేదు. ఇక ఏ వంక పెట్టుకుని ఆ గడప తొక్కాలో అమ్మాయికి తోచలేదు.

ఇప్పుడు పిన్ని మాట విని, టేపు మెడలో ఉండగానే వానలో వీధి దాటింది. వెనకాలే గొడుగేసుకుని పిన్ని. పొయ్యి మీద గిన్నె కుతకుతమంటోంది. పక్కన శుభ్రంగా కడిగిన చెంచా ఒకటి.

"ఎవరికి ఇదంతా?"

కుర్రాడు నేల చూపులు చూశాడు. "వాసనకైనా వస్తారేమోనని."

"రోజూనా? తర్వాత ఏం చేస్తున్నారు?"

"కుక్కలకు పోస్తున్నా."

ఆమె అలవాటుగా చెంచా ముంచి నాలుకకు తాకించింది. "అసలు ఉప్పే వెయ్యలేదు."

"మీరొచ్చి చెబుతారని." పొయ్యి ఆపాడు. "అప్పుడే అడగాల్సింది. ఇప్పుడు అడగనా?"

ఆమె చెంచా కింద పెట్టింది. గుమ్మంలో పిన్ని గొడుగు ముయ్యడం మరిచిపోయింది.

"నిన్ననే మావాళ్ళు తెచ్చిన సంబంధానికి సరేనన్నాను. ముక్క తినేదాన్ని, నాకే మింగుడు పడట్లేదు. ఒక్క మాట అనడానికి నోరు రాక, ఇన్నాళ్ళూ మూగప్రాణాలు ఉడకబెట్టావు. పిలిస్తే వచ్చేదాన్నిగా."