నల్ల శనివారం నాడు ఆగని బండి

ఆగస్టు ఒకటి, శుక్రవారం సాయంత్రం ఐదూ ఇరవైకి ఫిజాక్ ఊరి బయట వంతెన దగ్గర ట్రాఫిక్ కదిలింది. ఒక కారు కదల్లేదు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. ఒకాయన తిట్టడానికి దిగి వెళ్ళి, అద్దంలోంచి చూసి, తిట్టకుండానే వెనక్కి వచ్చాడు.

స్టీరింగు మీద వాలి ఉన్నది ఫ్రెంచి గూఢచారి శాఖ ఉద్యోగి. రెండు తూటాలు తగిలాయి. కాల్చినవాడు మోటర్ సైకిలు మీద కార్ల మధ్య నుంచి వచ్చాడు, కార్ల మధ్య నుంచే పోయాడు. వాడు వెతికిన రెండో మనిషి ఆ సమయానికి కారు దిగి రోడ్డు పక్కన ఖర్బూజాలు బేరం చేస్తోంది. పేరు మాతురిన్ వేసాద్. వయసు అరవై రెండు. వృత్తి దంతవైద్యం.

ఆమెను చంపాల్సిన అవసరం ఒక విదేశీ ముఠాకి ఉంది. ఆ ముఠా నాయకుడికి శాఖ పెట్టుకున్న పేరు నోటరీ. నోటరీ రెండుసార్లు ముఖం మార్పించుకున్నాడు. పళ్ళు మార్పించుకోలేదు. మూడేళ్ళ క్రితం దవడ వాచి, డాక్టర్ వేసాద్ దగ్గరికి వేరే పేరుతో వెళ్ళాడు. ఇప్పుడు పెరిగ్యూ పట్టణంలో ముగ్గురు మనుషులు కస్టడీలో ఉన్నారు. ముగ్గురిలో ఒకడు నోటరీ. ఎవడో ఎవరికీ తెలియదు. శనివారం మధ్యాహ్నం మూడింటికల్లా తేలకపోతే చట్టప్రకారం ముగ్గుర్నీ వదిలెయ్యాలి.

ఫొటోలు పంపుతామని శాఖవాళ్ళు డాక్టరుకి చెప్పారు.

"ఫొటో చూసి మనిషిని జైల్లో పెట్టమంటారా? నేను దంతవైద్యురాలిని, జ్యోతిష్కురాలిని కాదు," అందామె. "నోరు తెరిపించండి. చూసి చెప్తాను."

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి ఫిజాక్ దగ్గర ఒక ధాన్యం కొట్టంలో ఏజెంటు ఫిర్మాఁ బర్తాస్ టెలిఫోను తెర ముందు కూర్చున్నాడు. తెర మీద ప్యారిస్ నుంచి కర్నల్ మారెస్కో.

"హెలికాప్టరు?" అన్నాడు బర్తాస్.

"మంత్రిగారు తీసుకెళ్ళారు."

"ఎక్కడికి?"

"సముద్రానికి. సెలవులు కదా."

"రైలు?"

"సమ్మె. అందుకే నీకు మోటర్‌హోమ్ ఇస్తున్నాం. వెనక మంచం, వంటగది, అన్నీ ఉన్నాయి. నువ్వూ, నీతో వచ్చే ఏజెంటు వెరానూ రిటైరైన మొగుడూ పెళ్ళాలు. డాక్టరు వెనక పడుకుంటుంది. ఇవాళ రోడ్ల మీద అలాంటి బండ్లు వేలల్లో ఉంటాయి. ఎవడూ పట్టించుకోడు."

"వేలల్లోనే ఉంటాయి. అన్నీ నిలబడి ఉంటాయి. జులై సెలవుల వాళ్ళు ఇంటికొచ్చేదీ ఇవాళే, ఆగస్టు సెలవుల వాళ్ళు బయల్దేరేదీ ఇవాళే. నల్ల శనివారం అని చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"మన కంప్యూటరు రూటు వేసింది. తొమ్మిదిన్నరకి బయల్దేరి, సార్లా మీదుగా."

"సార్లాలో శనివారం సంత, కర్నల్ గారూ. గంటన్నర నిలబడాలి. నిన్న మనవాడు నిలబడింది పది నిమిషాలు."

"అయితే నీ ప్లానేంటి?"

"పన్నెండింటికి బయల్దేరతాను."

"మూడింటికి కస్టడీ అయిపోతుంది! నూట నలభై కిలోమీటర్లు! మతుండే మాట్లాడుతున్నావా?"

"పన్నెండు నుంచి రెండు దాకా ఈ దేశం అన్నం తింటుంది. ప్యారిస్‌లో మీరు కీబోర్డు మీద శాండ్‌విచ్ తింటారు కాబట్టి మర్చిపోయారు."

కర్నల్ తెర ఆపేశాడు. దాన్ని బర్తాస్ అనుమతిగా తీసుకున్నాడు.

పదింటికి వెరాన్ లాకుస్తీ వచ్చింది. శాఖలో ఆరేళ్ళ సర్వీసు. తెల్ల ప్యాంటు, నల్లకళ్ళద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. కొట్టం తలుపు దగ్గర ఆగి కోడ్ చెప్పింది.

"ఖర్బూజాలు పండాయా?"

"లోపలికి రా వెరాన్. నీ ముఖం నాకు తెలుసు."

"రెండో మాట నువ్వు చెప్పాలి."

"ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చాలా? ఇదిగో, ఈ రబ్బరు చెప్పులు వేసుకో. ఈ టోపీ కూడా."

ఆమె చెప్పుల వంక చూసింది. "ఇలాంటివి వేసుకునే ఆడవాళ్ళు నిజంగా ఉన్నారా?"

"మా అమ్మ వేసుకుంటుంది."

టెక్నికల్ విభాగం బండిలో రెండు పరికరాలు పెట్టింది. ఒకటి ఫ్రిజ్‌లో, సిగ్నళ్ళు ఆపే యంత్రం. దానికి చోటివ్వడానికి ఫ్రిజ్ మోటరు తీసేశారు. రెండోది కాఫీ డబ్బాలో దాచిన కెమెరా. డాక్టర్ వేసాద్ రెండూ చూసి, జున్ను ఎక్కడ పెట్టాలని అడిగింది. యంత్రం బయటికి తీసి బర్తాస్ కొట్టంలోనే వదిలేశాడు. జున్ను మాత్రం ఎండకి కరిగింది.

పన్నెండు గంటలు చర్చిలో మోగుతుండగా బండి కదిలింది. ఫిజాక్ వీధిలో రొట్టెల దుకాణం షట్టరు దిగింది. చివరి కొనుగోలుదారు రొట్టె చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. పావుగంట తర్వాత రోడ్డు మీద వాళ్ళ బండి తప్ప ఏదీ లేదు.

బర్తాస్ ఏ మలుపు తీసుకుంటాడో ముందు చెప్పలేదు. నది పక్క రోడ్లు వదిలేశాడు. అక్కడ పడవలు అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర కార్లు రోడ్డు మీదే నిలుపుతారు. గుట్టల మీది రోడ్డు పట్టుకున్నాడు. ఊరొస్తే నడిబొడ్డులోకి పోకుండా శ్మశానం దారి పట్టాడు. ఆ దారి ఎప్పుడూ ఊరి అంచునే పోతుంది, ఆ వేళకి అక్కడికి ఎవరూ పోరు.

ఎదురుగా ఇంకో మోటర్‌హోమ్ వచ్చింది. అందులోవాళ్ళు చెయ్యి ఊపారు. బర్తాస్ ఊపాడు.

"ఊపు," అన్నాడు వెరాన్‌తో.

"నాకు వాళ్ళెవరో తెలీదు."

"నాకూ తెలీదు. మోటర్‌హోమ్‌లో వెళ్ళేవాళ్ళు ఎదురైతే ఊపాలి. ఊపనివాడు బండి దొంగతనం చేసినవాడే. బెల్టు కూడా పెట్టుకో."

"బ్లౌజు నలుగుతుంది."

ఆమె ఫోను తీసి చూసింది. "ముందు గుర్దోన్ దగ్గర యాక్సిడెంటు. మూడు కిలోమీటర్ల జామ్. ఎడమకి తిప్పు."

"ఈ టైములోనా?"

"యాక్సిడెంటుకి టైమేంటి? కావాలంటే వెళ్ళి నిలబడు. నిన్న వాడూ నిలబడ్డాడు."

బర్తాస్ ఎడమకి తిప్పాడు. వెనక నుంచి డాక్టరు గొంతు వినబడింది. "ఈ రోడ్డు సన్నం. రెండు బండ్లు పట్టవు."

"రెండోది లేదు, డాక్టర్ గారూ."

నాలుగు కిలోమీటర్ల తర్వాత రోడ్డు పని బోర్డు కనబడింది. దాని అవతల నారింజ రంగు కోన్లు, అడ్డంగా ఒక లారీ, తారు, పారలు. రోడ్డు మధ్యలో ఒకడు ఎర్ర పలక పట్టుకుని నిలబడ్డాడు. ఆగమని సైగ చేశాడు.

బర్తాస్ కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. బండి వేగం తగ్గింది.

"ఆపు," అంది వెరాన్. "రెండు నిమిషాల్లో వదుల్తాడు."

బర్తాస్ గడియారం చూశాడు. ఒంటిగంటకి పది నిమిషాలుంది. మళ్ళీ మనుషుల్ని చూశాడు. పలక పట్టుకున్నవాడు కాక ముగ్గురు. ఒకడు పార వేస్తున్నాడు. ఒకడు కోను సర్దుతున్నాడు. మూడోవాడు తారు దగ్గర వంగి ఉన్నాడు. చెట్టు నీడలో మడత బల్ల లేదు. సీసా లేదు. లారీ తలుపు తీసి కాళ్ళు బయటికి వేలాడేసిన మనిషి లేడు.

"వెరాన్, వాళ్ళు పని చేస్తున్నారు," అన్నాడు.

"రోడ్డు పనివాళ్ళు పని చెయ్యరా మరి?"

"నలుగురూనా? శనివారం? ఆగస్టులో? భోజనం వేళ?"

డాక్టరు పరదా తీసి ముందుకి చూసింది. "వీళ్ళు మనవాళ్ళు కాదబ్బాయ్."

వెరాన్ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది. బర్తాస్ స్టీరింగు కుడికి తిప్పాడు. కోత కోసిన గోధుమ పొలం ఉంది అటు. కాలవ మీద రైతు వేసుకున్న పలకల వంతెన ఉంది. ఏడు మీటర్ల బండి దాని మీద నుంచి పొలంలోకి దిగింది. అలమరలు తెరుచుకున్నాయి. పళ్ళేలు, గిన్నెలు, కాఫీ డబ్బాలోని కెమెరా డాక్టరు మంచం మీద పడ్డాయి. వెరాన్ పిస్తోలు బయటికి తీసి బర్తాస్ వైపు తిప్పింది. అదే క్షణంలో బర్తాస్ బ్రేకు తొక్కి వదిలాడు. బెల్టు లేని వెరాన్ ముఖం డాష్‌బోర్డుకి తగిలింది. పిస్తోలు కింద పడింది. డాక్టరు వంగి తీసుకుంది.

బండి మొదళ్ళ మీద పరిగెత్తుతోంది. వెనక కాల్పులు. వెనక అద్దం పోయింది. లారీ వెంటపడబోయి పలకల వంతెన దగ్గర కాలవలో కూరుకుపోయింది.

"ఎంతిస్తున్నారు నీకు?" అన్నాడు బర్తాస్.

వెరాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ మధ్య రక్తం. "నీ జీతానికి ఇరవై రెట్లు. చెత్త దేశం. రెండు గంటలు తింటారు, మిగతా టైమంతా ఏం తిన్నారో చెప్పుకుంటారు. మీలాంటి వాళ్ళని మోసం చెయ్యడానికి తెలివి కూడా అక్కర్లేదు."

"అందుకే కాబోలు వాడలేదు."

"చెయ్యి తియ్యమ్మా," అంది డాక్టరు పిస్తోలు పట్టుకునే. చూసింది. "పై వరసలో ముందు పన్ను సగానికి విరిగింది. నరం బయటపడింది. గాలి తగిలితే ప్రాణం పోతున్నట్టుంటుంది. నోరు మూసుకుని కూర్చో."

వెరాన్ నోరు మూసుకుంది. డాక్టరు ఆమె చేతుల్ని బట్టలారేసే తాడుతో సీటుకి కట్టింది.

పొలం అవతల ఇంకో రోడ్డు తగిలింది. దాదాపు గంటసేపు ఏ బండీ కనబడలేదు. సాఁ-వెరిల్ అనే ఊరు దగ్గరపడుతుండగా పక్క అద్దంలో మోటర్ సైకిలు కనబడింది. శుక్రవారం నాటిదే. నల్ల హెల్మెట్. బర్తాస్ వేగం పెంచాడు. మోటర్‌హోమ్‌తో మోటర్ సైకిలుని తప్పించుకోవడం కుదరదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"డాక్టర్ గారూ, నేల మీద పడుకోండి."

"నేలంతా పళ్ళేలు."

"పళ్ళేల మీదే పడుకోండి."

రెండు కావొస్తోంది. ఊళ్ళో ఇళ్ళ తలుపులు తెరుచుకుంటున్నాయి. మోటర్ సైకిలువాడు ఎడమ పక్కకి, స్టీరింగు ఉన్న వైపుకి వచ్చాడు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, రెండో చేతిలో తుపాకీ. ఇంకో నాలుగు మీటర్లు వస్తే బర్తాస్ కిటికీ.

ముందు కుడివైపు సందులోంచి ట్రాక్టరు ముక్కు బయటికి వచ్చింది. నడిపేవాడు టోపీ పెట్టుకున్న ముసలాయన. వెనక ట్రాలీ నిండా గడ్డిమోపులు. ఆయన ఎటూ చూడలేదు. ఆ ఊళ్ళో కుడివైపు నుంచి వచ్చేవాడిదే దారి. ఆయన యాభై ఏళ్ళుగా ఆ సందులోంచి అలాగే వస్తున్నాడు.

బర్తాస్ బ్రేకు మీద నిలబడ్డాడు. బయల్దేరినప్పట్నుంచి బండి ఆగడం అదే మొదటిసారి. పక్కనున్నవాడు తుపాకీ కిటికీకి గురిపెట్టి ఉన్నాడు. కిటికీ వెనకపడిపోయింది. వాడు తల తిప్పేసరికి ఎదురుగా ట్రాలీ ఉంది.

గడ్డిమోపులు రోడ్డంతా పడ్డాయి. మోటర్ సైకిలు ఒక గోడ దగ్గర, మనిషి ఇంకో గోడ దగ్గర తేలారు. మనిషికి రెండు కాళ్ళూ విరిగాయి. తుపాకీ గడ్డిలో దొరికింది.

ముసలాయన ట్రాక్టరు దిగి ముందు ట్రాలీ చూసుకున్నాడు. తర్వాత మనిషిని చూశాడు.

"దారి నాది!" అన్నాడు.

"మీదే పెద్దాయనా," అన్నాడు బర్తాస్.

"కుడి పక్క నుంచి వస్తున్నా. కళ్ళు లేవా వెధవకి? ఎక్కడివాడు వీడు?"

"ఇక్కడివాడు కాదు."

"అదే అనుకున్నా. ఇక్కడివాడైతే ఆగేవాడు." ముసలాయన మోటర్‌హోమ్‌ని పైకీ కిందికీ చూశాడు. "నువ్వు ఆగావు. ఇలాంటి డబ్బాలు నడిపేవాళ్ళంటే నాకు గిట్టదు, అయినా ఆగావు. గడ్డి తియ్యి, పోదువుగాని."

డాక్టరూ బర్తాసూ గడ్డి తీశారు. వెరాన్ సీటులోంచి చూసింది. పోలీసులు వచ్చేదాకా గాయపడినవాడి మీద కూర్చుంటానని ముసలాయన మాటిచ్చాడు, కూర్చున్నాడు.

పెరిగ్యూలో కస్టడీ గది ముందు న్యాయమూర్తి గడియారం చూసుకుంటున్నాడు. ముగ్గురు లాయర్లు బ్యాగులు సర్దుకున్నారు. రెండూ నలభై ఎనిమిదికి డాక్టర్ వేసాద్ జుట్టులో గడ్డిపరకలతో వచ్చింది. చేతులు కడుక్కుంది. జేబులోంచి చిన్న అద్దం తీసింది.

మొదటివాడు నోరు తెరిచాడు. ఆమె చూసి, "సిగరెట్లు మానెయ్," అంది. రెండోవాడు తెరిచాడు. "నువ్వూ కాదు." మూడోవాడు ఆమె మొహం చూసి నోరు తెరవలేదు. లాయరు అభ్యంతరం చెప్పాడు. న్యాయమూర్తి తోసిపుచ్చాడు. నోరు తెరిపించడానికి ఇద్దరు పోలీసులు కావలసి వచ్చింది.

"కింద ఎడమ వైపు, చివర్నించి రెండోది," అందామె. "ఆ తొడుగు నేను వేసిందే. మళ్ళీ చూపించుకోమన్నాను, రాలేదు. వీడే."

రెండూ యాభై ఏడుకి న్యాయమూర్తి సంతకం చేశాడు. మిగతా ఇద్దర్నీ మూడింటికి వదిలేశారు.

వెరాన్ లాకుస్తీని అదే భవనంలో కింది అంతస్తులో పెట్టారు. లాయరు కావాలా అని అడిగారు. ముందు దంతవైద్యుడు కావాలంది. డ్యూటీ పోలీసు పట్టణంలోని పదకొండు క్లినిక్కులకి ఫోను చేశాడు. తొమ్మిది సెలవుల్లో ఉన్నాయి. రెండు ఎత్తలేదు. భవనంలో ఉన్న డాక్టరుని అడిగాడు.

డాక్టర్ వేసాద్ ఆ రోజు భోజనం చెయ్యలేదని చెప్పి, బర్తాస్‌తో కలిసి బయటికి వెళ్ళింది.