వకీల్ సాబ్ బండిని దయ్యం పట్టుకున్నది

చీకటి పడ్డంక ఎర్ర దేవిడీ పక్కకెళ్లి ఎవ్వరూ పోకపోదురు.

బహదూర్‌పురా దాటినంక, రాళ్ళ గుట్టల నడుమ ఉండె ఆ దేవిడీ. ఎన్నడో ఒక జాగీర్దారు తన చిన్న బేగం కోసం కట్టించిండట. జాగీర్దారు పోయిండు. ఎనక బేగమూ పోయింది. మిగిలినయి ఎర్ర గోడలు, సగం కూలిన మేడ… ఇంక దయ్యం.

ఉత్త దయ్యం గాదు, పనిమంతురాలు. నడిరాత్రి ఇసుర్రాయి తిప్పుతది. గర్… గర్… గర్… ఖాళీ ఇంట్ల ఎవరి కోసం పిండి? అడుగుదామని పోయినోడు లేడు. ఒక గొర్లకాపరి మాత్రం మేడ కిటికీలల్ల దీపం నడుచుకుంట పోతుంటె చూసిండట. దీపం ఉన్నది — పట్టుకున్న చెయ్యి లేదు! వాడు జరంల పడి లేచి, గొర్లనమ్ముకొని, మళ్ళ ఆ దిక్కు మొకం చెయ్యలె.

ఈ సంగతంత నాకు చెప్పింది దస్తగీర్ చాచా. బగ్గీలు, టాంగాలు కట్టే పనోడు. నేను వాళ్ళ గల్లీల కిరాయికి దిగేటప్పటికే ఆయన గడ్డం తెల్లవడ్డది. ఆయన చెప్పిందే చెప్తున్న. ఉప్పుకారం నాది కొంచెమే.

రెండో ప్రపంచ లడాయి ఇంక మొదలుగాలె. నయాపూల్ కాడ కచ్చేరీల వైకుంఠం అని ఒక వకీలు ఉండె. ఆయనకు రెండు నమ్మకాలు. ఒకటి — దేవుడున్నడో లేడో గని, దయ్యం మాత్రం లేదు. రెండు — తనకు చేతగాని పని ఈ లోకంల లేదు.

మొదటి నమ్మకం గురించి వకీళ్ళు కూసునే బార్ రూముల దినాం ఉపన్యాసం ఇస్తుండె. రెండోది ఆయన ఇంటోళ్ళు అనుభవిస్తుండిరి.

గట్లాంటాయన చేతికి ఎవరో దొర పారేసిన ఇంగిలీషు పత్రిక దొరికింది. దాంట్ల ఒక బొమ్మ. మోటరు ఎనక కట్టిన బుల్లి ఇల్లు, అడవి నడుమ ఆగి ఉన్నది. లోపట పరుపు, ఎనక పొయ్యి. ముంగట దొర, దొరసాని కుర్చీలేసుకొని చాయ్ తాగుతున్నరు.

వకీల్ సాబ్‌కు నిద్ర పట్టలె. అడవిల పరుపు మీద పండాలె. పండకపోతె ఈ జన్మెందుకు?

ముందుగాల తనే చేసిండు. పాత టాంగా చక్రాల మీద చెక్కపెట్టె బిగించి, తాడుతోని మోటరుకు కట్టి లాగిండు. గల్లీ మలుపు దాంక వచ్చింది మోటరు. పెట్టె రాలె. చక్రాలు మాత్రం వచ్చినయి — ఒకటి కుడిదిక్కు, ఒకటి మోరీలకు.

అప్పుడు దస్తగీర్‌ను పిలిచిండు.

"దస్తగీర్ భాయ్, మోటరు ఎనక కట్టే ఇల్లు కావాలె."

"ఇల్లా, వకీల్ సాబ్?"

"చిన్నది. రోడ్డు లేని కాడ గూడ పోవాలె. రాళ్ళల్ల, వాగులల్ల, అడవిల."

"రోడ్డు లేని కాడ మనిషికి ఏం పని సాబ్?"

"అదే గద మజా!"

దస్తగీర్‌కు ఆ మజా ఏందో తెలువలె. వాళ్ళ తాత ముత్తాతల కాలం నుంచి బండి అడిగినోళ్ళంత ఏదో ఊరు చేరనీకే అడిగిండ్రు. ఏ ఊరూ చేరకుండ ఉండనీకి బండి అడిగినోణ్ణి ఆయన మొదటిసారి చూసిండు. అయినా ఆ బొమ్మను మస్తుసేపు చూసిండు. చూసుకుంట చూసుకుంట ఆయనకు గూడ నిద్ర పట్టుడు బందయింది.

పని వకీల్ సాబ్ వాకిట్లనే జరిగింది. కబాడీల దొరికిన పాత లారీ ఇరుసు, దాని మీద కుదుపు ఆపే కమాన్‌పట్టీలు. రాళ్ళు కడుపుకు తగలకుండ ఎత్తు చక్రాలు. టేకు చెక్కతోని పెట్టె. మీద ఎత్తితె డేరా, దించితె మూత అయ్యే తిర్పాల్ కప్పు. ఎనక తలుపు కిందికి వాలిస్తె అదే వంటబల్ల, దాని లోపట స్టవ్వు, నీళ్ళడబ్బా. మోటరుకు తగిలించే కొండీ మాత్రం దస్తగీర్ మళ్ళ మళ్ళ కొలిమిల పెట్టి చేసిండు. బండి గుంతల పడి ఒరిగినా మోటరును గుంజొద్దు, మోటరు ఎగిరినా కొండీ ఊడొద్దు.

వకీల్ సాబ్ పక్కన కుర్చీ ఏసుకొని హుకుంలు ఇచ్చిండు. పొడుగు కొలిచిండు, వెడల్పు కొలిచిండు, పరుపు మీద పండి తన నిలువు గూడ కొలుచుకున్నడు. వాకిలి దర్వాజను కొలుద్దామని మాత్రం ఎవ్వరికీ తట్టలె.

బండి తయారైన దినం గల్లీ అంత జమైంది. బండి దర్వాజ దాంక వచ్చి నిలబడ్డది. అంతే. ముందుకు పోదు.

వకీల్ సాబ్ భార్య విమలాదేవి ఇంటి కడప కాడ నిలబడి చూస్తున్నది.

"బండిని కోద్దామా, ఇంటిని కోద్దామా?" అన్నది మెల్లగ.

ఇంటినే కోసిండ్రు. దర్వాజ చౌకట్లు పీకి, గోడ ఇంత పగలగొట్టి, బండిని బయటికి తీసిండ్రు.

ఇంక పరీక్ష మిగిలింది. బార్ రూముల తోటి వకీలు బాబురావు మీసం దువ్వుకున్నడు.

"వైకుంఠం, అడవి దాంక ఎందుకు పోవుడు? ఎర్ర దేవిడీ కాడ రోడ్డు లేదు, రాళ్ళున్నయి, వాగున్నది. పైగ నువ్వు లేదన్న దయ్యం గూడ ఉన్నది. ఒక్క రాత్రి పండుకొని రా."

అందరూ నవ్విండ్రు. వకీల్ సాబ్ నవ్వలె. ఇన్నేండ్లు ఉపన్యాసాలిచ్చి ఇప్పుడు పోనంటె ఎట్ల?

"పండుకుంట," అన్నడు.

అమాస నాడు పోయిండు. వాగు దాంక దస్తగీర్ మోటర్ల పోయి దిగిండు. బండి వాగుల దిగుడు, రాళ్ళ మీద ఎక్కుడు, ఒరుగుడు, మళ్ళ నిలబడుడు — మేకపిల్ల లెక్క ఎగురుకుంట పోతుంటె దస్తగీర్ కండ్లల్ల నీళ్ళు తిరిగినయట. ఎర్ర గోడల నడుమ బండి కనబడకుండ పోయినంక, "ఖుదా హాఫిజ్" అని ఎనకకు తిరిగిండు. ఆ మాట వకీల్ సాబ్‌కు చెప్పిండో, బండికి చెప్పిండో ఆయనకే తెలువది.

ఆ రాత్రి వాన దంచికొట్టింది. ఉరుములు, మెరుపులు…

తెల్లారి వకీల్ సాబ్ వచ్చిండు. షేర్వానీ చినిగి ఉన్నది, చేతులు కొట్టుకపోయినయి. మోకాళ్ళ దాంక బురద. మోటరు ఒక్కటే వచ్చింది.

"బండేది?" విమలాదేవి అడిగింది.

"దయ్యం పట్టుకున్నది."

"పరుపు?"

"దయ్యం కాడనే ఉన్నది."

"నా కొత్త స్టవ్వు?"

"…అది గూడ."

ఆ దయ్యానికి సంసారం మీద మస్తు ఆశ ఉన్నట్టున్నది అనుకొని ఆమె నీళ్ళు కాగబెట్టిందట.

కచ్చేరీల మాత్రం పండుగ అయింది. వైకుంఠం వకీలు నిలబడి, "ఉన్నది, దయ్యం ఉన్నది, నా కండ్లతోని చూసిన" అని చెప్పిండు! బాబురావు నవ్వి నవ్వి గోడ పట్టుకున్నడు. మర్నాడు వకీల్ సాబ్ బల్ల మీద ఎవరో నిమ్మకాయలు పెట్టిండ్రు. ఒక ముద్దాయి, కేసు సంగతి ఇడిసిపెట్టి, తావీజ్ కట్టుమని అడిగిండు. వకీల్ సాబ్ తల వంచుకొని అన్నీ పడ్డడు.

దస్తగీర్‌కు ఇది మింగుడు పడలె. దయ్యం వకీలును పట్టుకుంటె పట్టుకోనీ, అది దాని ఇష్టం. తన బండిని పట్టుకునుడేంది? కొండీ కోసం ఎంత కొలిమి ఊదిండు!

బండి తెచ్చుకుందామని ఎడ్లోణ్ణి మాట్లాడిండు. వాడు కల్లుదుకాణం దాంక వచ్చి ఎడ్లను ఆపిండు.

"ఇంకా ముందుకు నా ఎడ్లు రావు," అన్నడు. ఎడ్లు మంచిగనే నిలబడి ఉన్నయి. వాని కాళ్ళే వణుకుతున్నయి.

బండి రాకున్నా కొండీ అన్న ఇప్పుకొద్దామని దస్తగీర్ ఒక్కడే పోయిండు. పోంగ పోంగ పొద్దు గూకింది. ఎర్ర గోడలు నల్లగైనయి. లోపటికి అడుగు పెట్టేటాలకు —

గర్… గర్… గర్…

ఇసుర్రాయి!

దస్తగీర్ ఖుదాను తలుచుకున్నడు. ఎనకకు తిరుగుదామంటె కాళ్ళు వినలె. ముందుకే పోయిండు.

మేడ ఎనక, చింతచెట్టు కింద… తన బండి. డేరా ఎత్తి ఉన్నది. లోపట దీపం. తిర్పాల్ మీద ఒక నీడ — ముందుకు ఒంగుతది, ఎనకకు పోతది. ముందుకు… ఎనకకు…

గర్… గర్…

కాలి కింద చితుకు ఇరిగింది.

ఇసుర్రాయి ఆగింది.

దీపం ఆరింది.

ఇంక చీకట్లకెళ్లి, ఆయన చెవు పక్కనే, సన్నటి గొంతు…

"కౌన్ హై?"

దస్తగీర్ కింద కూలబడ్డడు. పడ్డడు పడ్డట్టే, "బండి నాది… నేనే కట్టిన…" అన్నడట. చావు ముంగట గూడ మనిషికి తన పని మీద మోజు పోదు.

"నువ్వే కట్టినవా?" గొంతు మారింది. "అరె బేటా, చెప్పొద్దా! సుగ్రా, దీపం ముట్టియ్యి. బండి కట్టిన పిలగాడు వచ్చిండు."

దీపం వెలిగింది. ఆయన పక్కన ఒక ముసలమ్మ నిలబడి ఉన్నది. బండిల, పరుపు మీద కాలికి కట్టు కట్టుకొని ఇంకో ముసలమ్మ కూసున్నది. ముంగట ఇసుర్రాయి. విమలాదేవి స్టవ్వు మీద చాయ్ మరుగుతున్నది.

అక్కాచెల్లెండ్లు — కుబ్రా, సుగ్రా. చిన్నప్పటి సంది బేగం కాడ పనికి ఉన్నోళ్ళు. బేగం పోయినంక జాగీర్దారు తమ్ముని కొడుకులు అందరినీ వెళ్ళగొట్టి తాళం ఏసిండ్రు.

"ముందు దర్వాజకెళ్లి వెళ్ళగొట్టిండ్రు," అన్నది కుబ్రా. "ఎనక గోడ సందులకెళ్లి వచ్చినం. ఇంకెక్కడికి పోతం? పగలు బురఖా ఏసుకొని పోయి, కుట్టిన టోపీలమ్మి జొన్నలు తెచ్చుకుంటం. బురఖాల దయ్యముందో, మనిషుందో బజార్ల ఎవరు చూస్తరు? పగలు చప్పుడైతె పట్టుకుంటరని రాత్రి ఇసురుకుంటం. లోకమే దయ్యమన్నది. మంచిదే అనుకున్నం."

"మరి వకీల్ సాబ్…"

సుగ్రా నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "మస్తు ధైర్యవంతుడు బేటా. 'దయ్యం లేదు, దయ్యం లేదు' అని చీకట్ల ఒక్కడే గట్టిగ చదువుకుంట కూసున్నడు. మేము ఆ డేరాల దీపం, నీడ చూసి, ఏదో జిన్ను దిగిందని ఖురాన్ ఆయతులు చదువుకుంటున్నం."

ఒకరికొకరు భయపడుకుంట గట్ల ఉండంగ, వానకు వీళ్ళున్న అర్ర కప్పు కూలింది. దూలం సుగ్రా కాలి మీద పడ్డది. ఆమె కేక పెట్టింది.

ఆ కేకకు వకీల్ సాబ్ మోటర్ల దుంకి తలుపేసుకున్నడట. రెండో కేక వినబడ్డది — "బచావో!" అని. దయ్యం కాపాడుమని ఎందుకు అడుగుతది? ఆయన మోటరు దిగిండు. వణుక్కుంటనే, చీకట్ల, కూలుతున్న ఇంట్లకు పోయిండు. చేతుల తోలు ఊడంగ దూలం ఎత్తిండు. ఇద్దరినీ తెచ్చి తన పరుపు మీద పండబెట్టి, తను తెల్లారేదాంక మోటర్ల ముడుచుకొని కూసున్నడు.

తెల్లారినంక వాళ్ళ కథంత విన్నడు. దేవిడీ అమ్మకానికి ఉన్నదని, దయ్యం భయానికే కొనేటోడు వస్తలేడని గూడ విన్నడు.

"అమ్మా, మీ దిక్కు కాయిదం లేదు, సాక్షి లేడు," అన్నడట. "మనుషులుగ కచ్చేరీకి వస్తె మీరు ఓడిపోతరు. దయ్యాలుగ ఉంటేనే గెలుస్తరు. మిగిలింది నేను చూసుకుంట."

చాయ్ గ్లాసు దస్తగీర్ చేతులనే సల్లారింది.

నిమ్మకాయలు, తావీజు, బాబురావు నవ్వు… అన్నీ ఒక్కసారి యాదికొచ్చినయి. ఆయన లేచి, బండి చుట్టు తిరిగి, చక్రాల కింద రాళ్ళు సరిగ్గ పెట్టిండు. తిర్పాల్ ఉరుస్తున్న కాడ తాడు బిగించిండు. కొండీ ఇప్పి తెచ్చుకుందామని చెయ్యి పెట్టి… ఇడిసిపెట్టిండు.

తెల్లారి చాయ్ హోటల్ల దస్తగీర్ ఎదురుంగ గుండయ్య వచ్చి కూసున్నడు. ఇండ్లు జాగలు అమ్మించే దలాలు. ఎర్ర దేవిడీకి బయటి ఊరి సేటునొకణ్ణి కుదిర్చి పెట్టుకున్నడు.

"దస్తగీర్ భాయ్, నిన్న రాత్రి నువ్వు ఆడికి పోయినవట గద," అన్నడు గొంతు తగ్గించి. "వకీలు మాట ఇడిసిపెట్టు, వానికి మతి తప్పింది. నువ్వు పనిచేసుకునేటోనివి, అబద్ధం చెప్పవు. వకీలన్నట్టు… ఆడ దయ్యం ఉన్నదా?"

హోటలంత చెవులు రిక్కించింది.

దస్తగీర్ సాసర్ల చాయ్ పోసుకున్నడు. నిమ్మళంగ ఊదుకున్నడు.

"వకీల్ సాబ్ చెప్పింది తప్పు, గుండయ్యా."

గుండయ్య మొకం ఇప్పారింది.

"దయ్యం ఉన్నదన్నడు గద…" దస్తగీర్ ముందుకు ఒంగి, చెవుల చెప్పిండు. "ఒక్కటి గాదు — రెండున్నయి."