ఏడో నంబర్ సీసా

ఉదయం తొమ్మిదీ పదికి ల్యాబ్ ఫ్రిజ్ తెరిస్తే పన్నెండు సీసాలకి పదకొండే ఉన్నాయి. ఏడో నంబర్ లేదు.

తొమ్మిదీ నలభైకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. స్టేషన్లో ఆయన్ని చాటుగా ‘నిదానం’ అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పోనీలే అనుకుంటాడు.

అక్కడి పని ఇదీ. పసరు వైద్యం చేసే పెద్దాయన ఆకులు తెస్తాడు. డాక్టరమ్మ వాటి రసం తీసి, మలేరియా క్రిములున్న రక్తంలో చుక్క వేస్తుంది. రెండు రోజులయ్యాక, మైక్రోస్కోపులో స్లైడ్లు చూసే ఆవిడ ఎన్ని క్రిములు బతికాయో లెక్కపెడుతుంది. ఏ సీసాలో ఏముందో ఆవిడకి చెప్పరు. సీసా మీద నంబర్ ఒక్కటే ఉంటుంది. తెలిస్తే ఆశకొద్దీ లెక్క తప్పుతుందని భయం.

“తాళం పగిలిందా?”

“లేదండీ. తాళంచెవి ఎక్కడుంటుందో మా ముగ్గురికే తెలుసు,” అంది డాక్టరమ్మ.

పెద్దాయన గయ్యిమన్నాడు. “నా ఆకులు నేనే దొంగిలిస్తానా? నా పెరట్లో బోలెడున్నాయి. కావాలంటే మోపు కట్టి పంపిస్తా, తీసుకెళ్ళు!”

“ఏ నంబర్ బాగా పనిచేసింది?”

“నాకెవరు చెప్పారయ్యా? ఆకులివ్వడం వరకే నా వంతు.”

స్లైడ్లు చూసే ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడక్కుండానే చెప్పింది. ఆరేళ్ళ కూతురు ఆసుపత్రిలో ఉంది. మలేరియా. తొమ్మిది రోజులుగా మామూలు మాత్రకి లొంగడం లేదు. రెండో రకం మందు ఇంకా రాలేదు.

“ఏడో నంబర్ ఎలా పనిచేసిందమ్మా?”

“ఐదుసార్లూ ఒక్క క్రిమీ మిగల్లేదు సార్,” ఆవిడ తడుముకోకుండా చెప్పింది. “మిగతావన్నీ అంతంతమాత్రం.”

ఇన్‌స్పెక్టర్ డాక్టరమ్మని వరండాలోకి పిలిచాడు.

“ఏడులో ఏ ఆకు?”

“ఆకు కాదండీ. పోల్చి చూడ్డానికి ఒక సీసాలో మామూలు మలేరియా మందే కలిపి పెడతాం. ఆ సంగతి లెక్కపెట్టే ఆవిడకీ చెప్పం. మా దగ్గరున్నవి పాతరకం క్రిములు. ఆ మందు పడితే చావాల్సిందే. చావకపోతే పరీక్షే తప్పన్నమాట.”

“బయట దొరుకుతుందా?”

“ఏ మందుల షాపులోనైనా.”

ఆయనకి విషయం అర్థమైపోయింది. అర్థం కాకుండా ఉంటే బాగుండేది అనిపించింది.

పదకొండున్నరకి ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు.

“దొంగ ఒక్క ఏడునే తీశాడు. అంటే అది గెలిచిందని తెలిసినవాళ్ళే. పెద్దాయనకి ఆ సంగతే తెలీదు. డాక్టరమ్మకి అందులో ఏముందో తెలుసు, కాబట్టి ఆవిడ తియ్యదు. గెలిచిందని తెలిసి, ఏముందో తెలియని మనిషి ఇక్కడ ఒక్కరే.”

స్లైడ్లు చూసే ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. సగం ఖాళీ.

“నిన్న సాయంత్రం పట్టించాను. పొద్దున మళ్ళీ పట్టించాను. జ్వరం కాస్త దిగింది సార్.”

మలేరియా జ్వరం దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఆ గదిలో అది ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ అప్పటికే ఫోన్ అందుకుని వార్డుకి చెబుతోంది, పాపకి మోతాదు మించిందేమో వెంటనే చూడమని.

“కేసు పెట్టుకోండి, జైల్లో వెయ్యండి,” అంది పాప తల్లి. “ఆ ఆకేదో ఒక్కటి చెప్పండి. నేనే కోసుకుని నూరుకుంటా. పెద్దాయనా, మీ కాళ్ళు పట్టుకుంటా, ఏ ఆకది?”

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. “నాకేం తెలుసమ్మా,” అని డాక్టరమ్మ వైపు చూశాడు.

పాప తల్లి పెన్ను తీసింది. ఖాళీ లేబుల్ ఒకటి ముందు పెట్టుకుంది. ఇరవయ్యేళ్ళుగా నోరు మెదపని నేరస్థుల చేత మాట్లాడించిన ఇన్‌స్పెక్టర్ కూడా డాక్టరమ్మ వైపే చూశాడు.

చివరికి డాక్టరమ్మే మందు పేరు చెప్పింది.

తల్లి రాయలేదు. తొమ్మిది రోజులుగా కూతురి మంచానికి వేలాడుతున్న చీటీ మీద ఆ పేరే చదువుతోంది.