ఏడింటికి చూసిన బ్యాగు

ఉదయం ఏడింటికి కాఫీ గ్లాసు ఇవ్వడానికి వెళ్ళిన శ్రీదుర్గకి మామగారి మంచానికి వేలాడుతున్న యూరిన్ బ్యాగు కనిపించింది. అందులో చుక్క లేదు. అత్తగారు దాన్ని ఖాళీ చేసింది తెల్లవారుజామున నాలుగింటికి. మామగారు హనుమయ్య నడుం దాకా దుప్పటి కప్పుకుని, పెదవి బిగబట్టి గోడకేసి చూస్తున్నాడు.

బ్యాగులోకి వచ్చే ట్యూబు ఎక్కడో మడత పడిందని శ్రీదుర్గకి వెంటనే అర్థమైంది. పదేళ్ళుగా మూత్రవ్యాధుల వార్డులోనే చేస్తున్న నర్సుకి ఆ మాత్రం తెలియదా? గ్లాసు స్టూలు మీద పెట్టి, పలకరించకుండా బయటికొచ్చేసింది. అడగనీ, అనుకుంది. నోరు తెరిచి అడగనీ.

ఆ కసి ఊరికే పుట్టలేదు. రెండేళ్ళ కిందట యూరాలజీ నర్సుల సంఘం ఆమెకి ప్రత్యేక శిక్షణ ఇప్పించి సర్టిఫికెట్ ఇచ్చింది. ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తే, చుట్టాలొచ్చే రోజున హనుమయ్య దాన్ని తీసి బీరువా వెనక్కి తోశాడు. కోడలిది ఆస్పత్రి ఆఫీసులో పని అని సొంతూరు పామర్రంతా చెప్పుకున్నాడు. డ్యూటీ నుంచి వస్తే పెరట్లో పంపు కింద స్నానం చేశాకే వంటింట్లోకి రానిచ్చేవారు. ఎవరో చేసిన పొరపాటుని ఆస్పత్రివాళ్ళు ఆమె మీదికి నెట్టినప్పుడు, "ఆ ఉచ్చల ఉద్యోగం మానెయ్" అన్నాడే గాని, ఏం జరిగిందమ్మా అని అడగలేదు. అడిగింది సంఘం. సీనియర్ నర్సు శౌరమ్మ వచ్చి, డ్యూటీ రికార్డులన్నీ తీయించి, విచారణలో పక్కనే కూర్చుని, తప్పు ఈమెది కాదని తేల్చింది.

పది రోజుల కిందట మూత్రం ఆగిపోయి ట్యూబు వేయించుకొచ్చినప్పుడు కూడా ఆయన, "కోడలి చేత ఆ పనేంటి, ఛీ" అన్నాడు. సరేనని ఆమె ముట్టుకోలేదు.

ఇవాళ గవర్నర్‌పేటలో సంఘం వార్షిక సమావేశం. ఇంటి దగ్గర ట్యూబు ఉన్నవాళ్ళని ఎలా చూసుకోవాలో శ్రీదుర్గే మాట్లాడాలి. చీర కట్టుకుని జడేసుకుంటుంటే శౌరమ్మ ఫోన్ చేసింది.

"బయల్దేరావా అమ్మాయ్?"

"ఇంకాసేపట్లో అక్కా. ఇక్కడో తమాషా ఉంది, చూసి వస్తా." సంతోషం దాచుకోకుండా సంగతంతా చెప్పింది. "వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు. ఈయనా పట్టుకోవాలి."

ఆ సామెతలో గాడిద ఎవరో కోపంలో ఆమెకి తట్టలేదు.

"బ్యాగు ఎన్నింటికి చూశావు?" అంది శౌరమ్మ.

"ఏడింటికి."

"ఇప్పుడు ఎనిమిదిన్నర. నీ కోపం రేపటికైనా ఉంటుంది దుర్గా. ఆయన పొట్ట ఆగదు. ముందెళ్ళి చూడు."

ఆమె వెళ్ళేసరికి, పొద్దున్నే వస్తానని రాత్రే కబురు పెట్టి పామర్రు నుంచి వచ్చిన, మామగారికి తమ్ముడు వరసైన వెంకటప్పయ్య మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. హనుమయ్య ఒళ్ళంతా చెమటలు.

"దుర్గా, మీ మామయ్యగారికి పొట్ట రాయిలా అయిపోయిందే," అంది అత్తగారు రాజ్యలక్ష్మి. "ఏంటో చూడమ్మా."

చూడ్డానికే వచ్చింది. కానీ చుట్టం కనబడగానే కసి మళ్ళీ ఎగదన్నింది.

"నేనా అత్తయ్యగారూ? ఆఫీసులో ఫైళ్ళు చూసేదాన్ని, నాకేం తెలుస్తుంది? నేనేం పని చేస్తానో చిన్నమామయ్యగారికి ఆయన్నే చెప్పమనండి."

హనుమయ్య కళ్ళు మూసుకున్నాడు.

"నర్సు," అన్నాడు పళ్ళ బిగువున. "ఇదిగో, నాలాంటివాళ్ళకి ట్యూబులేసే నర్సు. సిగ్గుపడి దాచాన్రా వెంకటప్పయ్యా. చూడు తల్లీ, ఇక ఓర్చుకోలేను."

రెండేళ్ళుగా వినాలనుకున్న మాట. విన్నాక ఆమెకి ఏ సంతోషమూ కలగలేదు.

అందరినీ బయటికి పంపి, చేతులు కడుక్కుని దుప్పటి తీసింది. చుట్టం కంట పడకూడదని ఆ పెద్దమనిషి ట్యూబుని రెండు మడతలు పెట్టి మొలతాడులో దోపుకుని, పైన పంచె బిగించి కట్టాడు. మడత విప్పగానే ధార బ్యాగులోకి దిగింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలి పిడికిళ్ళు విప్పాడు. అరచేతుల్లో గోళ్ళు దిగిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి. అవి చూసి శ్రీదుర్గకి ఏడుపు ఆగలేదు.

"ఏడింటికే చూశాను మామయ్యగారూ, బ్యాగు ఖాళీగా ఉండటం. ఏమైందో తెలిసీ, మీరే అడగాలని ఊరుకున్నాను. పరాయి మనిషికైతే క్షణం ఆగేదాన్ని కాదు."

ఆయన దుప్పటి పైకి లాక్కున్నాడు.

"నిన్ను పరాయిదాన్ని చేసింది నేనేగా," అన్నాడు. తలుపువైపు తిరిగి, "రాజ్యం, ఆ బీరువా జరిపి దాని వెనకున్న ఫ్రేము తియ్యి," అని కేకేశాడు. మళ్ళీ కోడలితో, "మీటింగుకి టైమైపోతోందేమో, వెళ్ళమ్మా. ఈ మొలతాడు సంగతి అక్కడ చెప్పు. నాలాంటి మొండివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో. పేరు కూడా చెప్పు, పామర్రు హనుమయ్య అని."

శ్రీదుర్గ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"చెబుతానండీ. ఏడింటికి బ్యాగు చూసి మాట్లాడకుండా వెళ్ళిపోయిన నర్సు పేరు చెప్పాక, మీ పేరు చెబుతాను."