వ్యూ సోర్స్‌లో గణపతి అడ్రస్

సెరంగూన్ రోడ్డులో ఆదివారం జనం మధ్య, మునక్కాయలు ఏరుకుంటున్న చక్రధర్ తొడలో ఎవరో సూది గుచ్చారు. అంబులెన్స్ వచ్చేసరికి ప్రాణం పోయింది. చక్రధర్ భారత గూఢచారి సంస్థ ఏజెంట్. ఆ కూరగాయల కొట్టు దగ్గర అతన్ని కలవాల్సిన సాక్షి గణపతికి బస్సు ఆలస్యమైంది. అందుకే బతికిపోయాడు.

గణపతిది శ్రీకాకుళం, ఇక్కడి షిప్‌యార్డులో వెల్డర్. ఓ విదేశీ ముఠా ఓడ అడుగున క్షిపణి భాగాలు దాచడం, దాచిపెట్టించినవాడి ముఖం చూసింది అతనొక్కడే. మంగళవారం ఇండియా విమానం ఎక్కించేదాకా అతన్ని కాపాడాలి. ఆ పని ఏజెంట్ జీషాన్ మీద పడింది.

సోమవారం రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో చీఫ్ పార్థసారథి బ్రీఫింగ్ ఇచ్చాడు. కొట్టు దగ్గర కలిసే సంగతి సంస్థ వెబ్‌సైట్లో తప్ప ఇంకెక్కడా లేదట.

"గణపతిని బూన్ లే పేటలో ఓ ఫ్లాట్లో పెట్టాను. ఆ అడ్రస్ కూడా పొద్దున్నే సైట్లో ఎక్కించాను. కోడ్‌వర్డ్ కొడితేగాని కనబడదు. కంగారేం లేదు," అన్నాడు.

జీషాన్‌కు కంగారు అక్కడే మొదలైంది.

పైకి అది టిఫిన్ డెలివరీ సైట్. అందులో 'నేటి స్పెషల్' అనే పెట్టె ఒక వెబ్ కాంపొనెంట్, అంటే పేజీలో విడిగా పనిచేసే భాగం. మొదట్లో సర్వర్ ఖాళీ ట్యాగ్ మాత్రమే పంపేది. ఏజెంట్ కోడ్‌వర్డ్ కొట్టాక, ఫోన్లోని బ్రౌజర్ లోపలి సరుకు తెప్పించి పెట్టె నింపేది. ఆ లోపలి భాగం పేరు షాడో డామ్. దాన్ని 'క్లోజ్డ్' మోడ్‌లో ఉంచారు కాబట్టి తాళం వేసినట్టేనని పార్థసారథి నమ్మకం.

జీషాన్ కోడ్‌వర్డ్ జోలికి పోకుండా, పేజీ వెనకున్న కోడ్ చూపించే వ్యూ సోర్స్ నొక్కాడు. బ్లాకు, అంతస్తు, తలుపు నంబరు, అన్నీ మామూలు అక్షరాల్లో కనిపించాయి. పోయిన వారం నుంచి ఆ పెట్టెను సర్వరే పూర్తి హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసి పంపుతోంది. క్లోజ్డ్ అనేది పేజీలోని వేరే స్క్రిప్టులకే అడ్డం. వచ్చిన పేజీని చదివేవాడికి ఏ అడ్డమూ లేదు. అతనికి ఒళ్లు మండిపోయింది. మనిషి ప్రాణాన్ని ఇలా వీధిలో పెట్టి కూర్చుంటారా?

ఈ పద్ధతిని, అంటే సర్వర్ రెండరింగ్‌ని, పెట్టింది అమ్రీన్, సైట్ రాసిన హైదరాబాదీ డెవలపర్. ఆమె నవ్వితే మీటింగులో సగంమంది చెప్పబోయేది మర్చిపోతారు. జీషాన్ కూడా అందులో ఒకడు. కోడ్‌వర్డ్ మాత్రం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. అనుమానం వచ్చింది గాని రుజువు లేదు.

ఆమెను తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కు లంచ్‌కి రమ్మన్నాడు. బయల్దేరే ముందు సర్వర్ పంపే హెచ్‌టీఎంఎల్‌లో అడ్రస్ మార్చాడు. కొత్త అడ్రస్ జురాంగ్‌లో ఓ ఖాళీ ఫ్లాట్‌ది, లోపల సాయుధ పోలీసులు. కోడ్‌వర్డ్ కొట్టిన ఏజెంటుకు మాత్రం బ్రౌజర్ పెట్టెను తిరిగి గీసి అసలు అడ్రసే చూపిస్తుంది. చిక్కల్లా ఒక్కటే. పాత పేజీ కాపీ, సర్వర్ కాసేపు దాచుకునే క్యాష్‌లో, ఇంకా ఉంది. అది చెరిగేలోపు ముఠా చదివితే గణపతి చచ్చినట్టే.

అమ్రీన్ టిష్యూ ప్యాకెట్ పెట్టి ఇక్కడివాళ్ల పద్ధతిలో టేబుల్ చోప్ చేసి, అంటే తనదని ఆపుకుని, ల్యాప్‌టాప్ తెరిచింది. వెనక టీ క్యూలో నిలబడ్డ జీషాన్ చొక్కా గుండీలోని కెమెరా ఆమె స్క్రీన్‌ను అతని ఫోన్లోకి తెచ్చింది. టిఫిన్ సైట్. వ్యూ సోర్స్. పాత కాపీయే. ఆమె వేలు కిందికి జరుపుతోంది. పెట్టె ఇంకా రాలేదు.

డెవలపర్లు ఏ పేజీనీ ఒక్కసారి చూసి నమ్మరు. అలవాటుకొద్దీ ఆమె రిఫ్రెష్ కొట్టింది. అదే క్షణంలో క్యాష్ చెరిగింది. జురాంగ్ అడ్రస్ వచ్చింది. ఆమె దాన్ని కాపీ చేసి ఎవరికో పంపేసింది.

జీషాన్‌కు ప్రాణం లేచొచ్చింది, వెంటనే దుఃఖమూ ముంచుకొచ్చింది. అనుమానం తప్పయితే బాగుండునని అప్పటిదాకా ఆశపడ్డాడు. రెండు టీలు పట్టుకెళ్లి ఎదురుగా కూర్చుని, ఫోన్ మోగేదాకా ఆమెతో వాళ్లమ్మ చేసే హలీం గురించి మాట్లాడాడు. ఫ్లాట్ తలుపు పగలగొట్టినవాళ్లంతా దొరికారని మెసేజ్. చక్రధర్‌ను పొడిచిన సూది వాళ్ల దగ్గరే ఉంది.

అతను ఫోన్ ఆమెవైపు తిప్పాడు. అమ్రీన్ చదివి, టీ చివరిదాకా తాగింది.

"నేనేం దాచిన జీషాన్? అంతా సోర్స్‌లనే ఉండె. మీల ఒక్కరన్న చూసిన్రా?"

జీషాన్ ఆమె ల్యాప్‌టాప్ మూసి తనవైపు లాక్కున్నాడు.

మర్నాడు గణపతి క్షేమంగా విమానం ఎక్కాడు. పార్థసారథి సర్వర్ రెండరింగ్ పీకించేశాడు. అసలు పేజీ స్లోగా వస్తోందని గోల చేసి దాన్ని పెట్టించిన బుద్ధిమంతుడెవరో చెప్పమన్నాడు, వాడి సంగతి తేలుస్తానన్నాడు.

"చక్రధర్ గారు సార్," అన్నాడు జీషాన్. "ఆయనకిప్పుడు తొందరేం లేదు."