నీళ్లు పోయకూడని మొక్కలు

ఆదివారం పొద్దున గిడ్డమ్మ వాకిలి ఊడ్చి, కళాపి చల్లి, టీ పెట్టి కూతురిని లేపింది. శివజ్యోతి ముఖమైనా కడుక్కోకుండా వసారాలోకి పరిగెత్తింది. ట్రేలోని వేరుశనగ మొక్కలు పచ్చగా, నిటారుగా ఉన్నాయి. నిన్న సాయంత్రం అవి తలలు వాల్చేసి ఉన్నాయి. ఇంకెవరైనా అయితే సంతోషించేవారే. ఆ పిల్ల మాత్రం గబగబా మట్టిలో వేలు పెట్టి చూసింది, తడిగా ఉంది.

డిగ్రీ చదువుతున్న శివజ్యోతికి ఈ వేసవిలో కర్నూలులోని ఒక జీవశాస్త్ర ల్యాబులో ఇంటర్న్‌షిప్ దొరికింది. ఏ రకం వేరుశనగ నీళ్లు లేకుండా ఎక్కువ తట్టుకుంటుందో చూడటం ఆమె పని. ల్యాబులో కరెంటు మరమ్మతులు పెట్టుకున్నారు. అందుకని ల్యాబు చూసుకునే హర్షిణి మేడమ్ ట్రేని కోడుమూరులోని ఇంటికి తీసుకెళ్లమంది. చుక్క నీరు పడకూడదని మరీ మరీ చెప్పింది. మేడమ్ సిఫారసు చేస్తేనే పైచదువు, లేకపోతే డిగ్రీతో సరి అని తండ్రి హనుమేష్ ముందే తేల్చేశాడు.

"నీళ్లు ఎవురు పోసినారమ్మా?"

గిడ్డమ్మ దాచలేదు. "నేనే. పొద్దున చూస్తే తలకాయలు వాల్చుకోని ఉండాయి. ఇంట్లో కుండనిండా నీళ్లు పెట్టుకోని ఎట్ల చూస్తా కూచునేది?"

శివజ్యోతి నోటికొచ్చినట్టు అరిచింది. వద్దని చెప్పినా వినలేదనీ, తన చదువును చేతులారా ముంచేసిందనీ తల్లిని అనరాని మాటలంది. గిడ్డమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

హనుమేష్ మధ్యలోకి వచ్చాడు. ట్రేని ఎండలో పెడితే సాయంత్రానికి మళ్లీ వాడిపోతాయనీ, మేడమ్‌కు ఎవరు చెప్పబోతారనీ అన్నాడు. శివజ్యోతి భయంభయంగానే ట్రే ఎత్తుకుంది.

గిడ్డమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు జ్యోతీ. ఆ యేడు మనకూ ఇట్లనే ఎవురో చెప్పిరి, ఈ ఇత్తనం కరువును తట్టుకుంటాదని. మీ నాయిన నమ్మి చేనంతా ఏసె. బోరులో చుక్క లేదు. దినామూ పోయి ఎండేది చూసొచ్చేదాన్ని. రేపు నీ మాట నమ్మి ఎవురన్నా ఏస్తే?"

హనుమేష్ తల దించుకున్నాడు. శివజ్యోతి ట్రే కింద పెట్టి, తల్లి భుజం మీద పడి ఏడ్చింది.

ఆ వెంటనే మేడమ్‌కు ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. మేడమ్ గట్టిగానే మందలించింది. ఆ మొక్కలు ఇక పనికిరావంది. మొదటినుంచీ మళ్లీ విత్తమంది, ఈసారి ల్యాబులోనే. సిఫారసు సంగతి మాత్రం ఎత్తలేదు. ఆ వేసవంతా ఆ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు.

ఫోన్ చేసిన మరునాడు శివజ్యోతి కర్నూలు బస్సెక్కేటప్పుడు గిడ్డమ్మ ఒక్కటే అడిగింది. "ఎండిపోయేటివి నాకు చెప్పొద్దు. బతికేది ఉంటే చెప్పు."

సెలవులు ముగిసే ముందు ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఒక రకం బతికిందమ్మా. పరీక్ష అయిపోయింది. మేడమ్ సిఫారసు రాసిస్తానన్యాది, నాయినకు చెప్పు."

గిడ్డమ్మ సిఫారసు మాట విన్నట్టే లేదు.

"ఇంగ దానికి నీళ్లు పొయ్యొచ్చునా?" అని అడిగింది.

శివజ్యోతి ల్యాబులో ట్రే దగ్గరికి నడిచింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మగ్గు అందుకుని ఆ మొక్కకు నీళ్లు పోసింది.

"పోస్తాండానమ్మా" అంది.